పీహెచ్‌సీకి ట్రూనాట్ మిషన్ వస్తుందా? డబ్బా విప్పే ముందే ఈ పనులు చూసుకోండి

ములుగు, భూపాలపల్లి దిక్కు పీహెచ్‌సీలల్ల పనిచేసే డాక్టర్లు, ఎల్‌టీల (ల్యాబ్ టెక్నీషియన్ల) కోసం రాస్తున్న. టీబీ పరీక్ష చేసే ట్రూనాట్ మిషన్ వస్తుందంటే నిజంగా సంతోషం. మైక్రోస్కోప్‌ల కనబడాలంటే ఒక మిల్లీలీటర్ తెమడల వేలల్ల క్రిములుండాలె, ఇది అంతకంటే చాలా తక్కువున్నా పట్టుకుంటది, గంట అటూఇటుల రిజల్ట్ ఇస్తది, పాజిటివ్ వస్తే ఇంకో చిప్ (ఒక్కో టెస్టుకు మిషన్‌ల పెట్టే చిన్న ముక్క) వేసి టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తదా లేదా కూడా చెప్తది. గోవాల తయారయ్యే మిషన్, 2020ల డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఓకే చేసింది. అసలు కష్టమంతా దాన్ని రోజూ నడిపించుకునుడే.

ముందు రూం చూడండి. ఎర్తింగ్ సరిగ్గ ఉందా, స్టెబిలైజర్ ఉందా అని ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చెక్ చేయించండి, బ్యాటరీ ఉంది కదా అని ఊకోవద్దు. మే నెలల మన దగ్గర 44 డిగ్రీలు కూడా దాటుతది, చిప్‌ల డబ్బా మీద ఎంత వేడి వరకు ఉంచొచ్చో రాసుంటది, అది చదివి ఎక్కడ పెట్టాలో డిసైడ్ చెయ్యండి.

ఇన్‌స్టలేషన్ రిపోర్టు మీద సంతకం మాత్రం తొందరపడి పెట్టకండి. ఇంజనీర్ సాయంత్రం బస్సు అందుకోవాలని తొందర చేస్తడు, టెస్ట్ రన్ చూపించి "అంతే సార్, అయిపోయింది" అంటడు. చాలా వరకు వారంటీ లెక్క ఆ సంతకం రోజు నుంచే మొదలైతది. అందుకే మీ ఎల్‌టీ సొంతంగ ఒక సాంపిల్ మొదటి నుంచి చివరి దాక చేసినంక, ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో గోడ మీద రాయించినంకనే పెన్ను తియ్యండి. ఒక్కరికే ట్రైనింగ్ ఇప్పిస్తే వాళ్లు మెటర్నిటీ లీవుకో, మేడారం జాతర డ్యూటీకో పోయిన్నాడు మిషన్ మూత పడ్తది, కనీసం ఇద్దరికి నేర్పించండి.

చిప్‌ల లెక్క ఇంకా ముఖ్యం, నేను చూసిన ఒక సెంటర్‌ల మిషన్ బాగనే ఉన్నా చిప్‌లు లేక నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచిన్రు, పేషెంట్లను మళ్ళ దూరం పంపిన్రు. నెలకు ఎన్ని టెస్టులు చేస్తరో చూసుకొని స్టాక్ సగం కాకముందే ఇండెంట్ (కావాలని అడిగే కాయితం) పెట్టండి, ఎక్స్‌పైరీ దగ్గరున్నవి ముందు వాడండి. వాజేడు, వెంకటాపురం లాంటి గోదావరి పక్క మండలాలోళ్లయితే జూన్‌లనే సరిపడ తెచ్చిపెట్టుకోండి, జూలై, ఆగస్టుల వరదొస్తే రోడ్లు బంద్ అయితయి.

రిపేర్ల సంగతి ఎవ్వరు పట్టించుకోరు. సర్కారు దవాఖానల్ల పరికరాలు పనిచెయ్యక పడి ఉంటున్నయనే 2015ల కేంద్రం మెయింటెనెన్స్ ప్రోగ్రాం పెట్టింది, పీహెచ్‌సీల పరికరాలు కనీసం 80 శాతం టైం నడవాలె అని రాసింది. కాబట్టి మిషన్ ఆగితే ఫోన్‌ల చెప్పి వదిలెయ్యకుండ కంప్లైంట్ నంబర్ తీసుకొని తేదీతో రిజిస్టర్ల రాయండి, రేపు డీటీఓ (జిల్లా టీబీ ఆఫీసర్) సార్‌ను అడగాలన్నా ఆ కాయితమే పనికొస్తది.

ఆశా అక్కలను కూడా కూసోబెట్టి చెప్పండి. కప్పుల ఉత్త ఉమ్మి నురగ వస్తే ఎంత మంచి మిషనైనా ఏం పట్టదు. పొద్దుగాల లేవంగనే నోరు పుక్కిలించి, గట్టిగ ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గి చిక్కటి తెమడ తియ్యాలె అని చేసి చూపిస్తే పేషెంట్లకు అర్థమైతది. పాజిటివ్ అయితే అదే రోజు నిక్షయ్‌ల (టీబీ పేషెంట్ల వివరాలు రాసే సర్కారు ఆన్‌లైన్ పోర్టల్) ఎక్కించండి, బ్యాంక్ అకౌంట్ వివరాలు తీసుకోండి, పోషణకు నెలకు వచ్చే 1,000 రూపాయలు ఆగకుండ వాళ్లకు అందాలె.

ఇంకొకటి, మైక్రోస్కోప్‌ను అటక మీద పడెయ్యకండి. మందులు వాడే పేషెంట్‌కు ఫాలోఅప్‌ల ట్రూనాట్ చేస్తే చచ్చిన క్రిముల డీఎన్‌ఏ కూడా పట్టుకొని పాజిటివ్ అంటది, ఫాలోఅప్‌కు స్లైడే చెయ్యాలె.