రక్తం పల్చబడే మాత్రలు రోజూ జాగ్రత్తగా వాడటం ఎలా?

గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు నెలలు, ఏళ్లు, కొందరైతే జీవితాంతం ఈ మాత్రలు వేసుకోవాల్సి ఉంటుంది. మన దగ్గర చాలాకాలంగా రాస్తున్నవి వార్ఫరిన్, అసిట్రోమ్. రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మాత్రలు ఆ పనిని తగ్గిస్తాయి. వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మిన మాట నిజమే, 1954లో మనుషుల వైద్యానికి అనుమతి వచ్చిన మాటా నిజమే. వాట్సాప్‌లో మొదటి సగం మాత్రమే తిరుగుతుంది. అది చూసి మందు మానేస్తే వాల్వు మీద గడ్డకట్టి పక్షవాతం రావచ్చు.

1. వేళ, లెక్క తప్పకండి

సాయంత్రం ఒకే వేళకు వేసుకోవడం మంచిది. పొద్దున ఐఎన్ఆర్ టెస్ట్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూసే రక్తపరీక్ష) చేయిస్తే, డాక్టరు చెప్పిన మార్పును ఆ రాత్రి నుంచే పాటించవచ్చు. అసలు చిక్కు మోతాదుతో. 'సోమ, బుధ, శుక్ర 2 ఎంజీ, మిగతా రోజులు 3 ఎంజీ' అన్నట్టుగా రాస్తుంటారు, పెద్దవాళ్లకు ఇది గుర్తుండదు. వంటింటి గోడకున్న క్యాలెండర్లో ప్రతి తేదీ పక్కన ఆ రోజు ఎంజీ రాసిపెట్టి, మాత్ర మింగాక కొట్టేయండి. కొత్త స్ట్రిప్ కొన్నప్పుడల్లా దాని మీది ఎంజీ అంకె చూడండి.

మరిచిపోయి ఆ రోజే గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండు రోజులది కలిపి మాత్రం వేసుకోవద్దు.

2. ఐఎన్ఆర్ టెస్ట్ వాయిదా వేయొద్దు

మందు వాడనివాళ్లకు ఐఎన్ఆర్ 1 దగ్గర ఉంటుంది. వాడేవాళ్లలో ఎక్కువమందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ వాల్వు (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) చోట మెకానికల్ వాల్వు, అంటే లోహం, కార్బన్ లాంటివాటితో చేసిన కృత్రిమ వాల్వు, ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5. తగ్గితే గడ్డకట్టే ప్రమాదం, బాగా పెరిగితే రక్తస్రావం ప్రమాదం. రీడింగ్ నిలకడగా ఉన్నా డాక్టరు చెప్పిన గడువుకు టెస్ట్ చేయించాల్సిందే.

3. ఆకుకూరలు మానక్కర్లేదు

తోటకూర, పాలకూర, మునగాకులో విటమిన్ కె ఎక్కువ. అందుకని చాలామంది ఆకుకూర ముట్టుకోవడమే మానేస్తారు. అంత అవసరం లేదు, ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు, మందును దానికి తగ్గట్టే సరిచేస్తారు. ఆషాఢం వచ్చిందని మునగాకు వరసగా వండుకుంటే ఐఎన్ఆర్ పడిపోవచ్చు. కార్తీక ఉపవాసాలతో తిండి తగ్గినా, విరేచనాలతో నీరసించినా అది పెరగవచ్చు. మద్యం జోలికి పోకపోవడమే మేలు.

4. ఇంకో మందు వేసుకునే ముందు ఆగండి

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టేది డైక్లోఫెనాక్ కావచ్చు, ఐబుప్రొఫెన్ కావచ్చు. రక్తం పల్చబడే మాత్రలతో కలిస్తే అవి కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. నొప్పికి, జ్వరానికి కొద్ది రోజులు తక్కువ మోతాదులో పారాసెటమాల్ నయం. ఆస్పిరిన్ సొంతంగా వద్దు, గుండె డాక్టరే రాసి ఉంటే మానకూడదు. విరేచనాలకు రాసే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు రాసే ఫ్లుకోనజోల్ లాంటివి ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. నాటు మందులు, మూలికల పొడులు కూడా చెప్పకుండా వాడొద్దు.

ఊళ్లో ఒళ్లునొప్పులకు నడుముకు సూది వేయించుకునే అలవాటుంటే మానుకోండి, కండలో రక్తం గూడు కట్టవచ్చు. పన్ను తీసే డాక్టరుకూ మొదటే చెప్పండి. ఎవరో చెప్పారని మాత్ర ఆపకుండా, ఆపాలో వద్దో మీ గుండె డాక్టరునే అడగండి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే సంప్రదించాలి, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

5. ఎప్పుడు పరుగెత్తాలి?

తారులా నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, రక్తపు వాంతి, పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టినా ఆగని రక్తం, ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి: వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా సరే, చూపించుకోవాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

కొత్త రకం మాత్రలైతే

డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్‌కు ఐఎన్ఆర్ టెస్ట్ అక్కర్లేదు, ఆకుకూరల గొడవా లేదు. అలాగని మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లు వీటికి మారకూడదు. రివరోక్సాబాన్ 15, 20 ఎంజీ మాత్రలు అన్నంతోనే వేసుకోవాలి. వీటి ప్రభావం ఒకటి రెండు రోజుల్లో పోతుంది కాబట్టి, వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్త స్ట్రిప్ తెచ్చిపెట్టుకోండి.