చుక్కలు గీతలవుతున్నాయా? వైజాగ్ డాబా మీద డీప్‌స్కై ఫొటోలు: సమస్య - పరిష్కారం

పాత డీఎస్ఎల్ఆర్, 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు, గట్టి ట్రైపాడ్, ఇంటర్వెలోమీటర్ (వరసగా ఫొటోలు తీయించే టైమర్), ఇంట్లో చేసుకున్న చెక్క ట్రాకర్ (బందుతో కలిపిన రెండు పలకలు, మోటారుతో తిరిగే బోల్టు వాటిని మెల్లగా విప్పుతూ కెమెరాని చుక్కల వెంట తిప్పుతుంది). ఈ సామాను చాలు, కృత్తికలు, ఓరియన్ నెబ్యులా, దేవయాని గెలాక్సీ లాంటి సౌరకుటుంబం అవతలి డీప్‌స్కై దృశ్యాలు వైజాగ్ డాబా మీద నుంచే దొరుకుతాయి. ఫొటో సరిగా రాకపోతే చాలామంది ముందు కెమెరాని అనుమానించి, ఖరీదైన లెన్సు వెతకడం మొదలుపెడతారు. డబ్బు తీసేముందు ఫొటోని వంద శాతం జూమ్ చేసి, మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ చుక్క ఆకారం చూడండి. తప్పు ఎక్కడుందో దాదాపు ప్రతిసారీ అదే చెప్పేస్తుంది.

ఫ్రేమంతా చుక్కలు ఒకే వైపు సాగితే

ట్రాకర్ లేకుండా తీస్తున్నారా? చిన్న సెన్సర్ కెమెరాకి 50 మి.మీ. లెన్సు పెట్టి నాలుగు సెకన్లు దాటిస్తే గీత పడి తీరుతుంది. అది భూభ్రమణం, మీ తప్పు కాదు.

ట్రాకర్ ఉన్నా గీతలొస్తుంటే 15, 30, 60 సెకన్ల ఫొటోలు వరసగా తీసి చూడండి. ఎక్స్‌పోజర్‌తో పాటు గీత పెరుగుతుంటే ట్రాకింగ్‌లో లోపం. ఒక్కో ఫొటోలో ఒక్కో దిక్కుకి వంకరపోతుంటే ట్రైపాడ్ ఊగుతోంది. సముద్రపు గాలి, డాబా మీద మనుషుల నడక, కింద నీళ్ల మోటారు, ఏదైనా కావచ్చు. ట్రైపాడ్ మధ్య కడ్డీ దించేయండి, కాళ్లు పొట్టిగా ఉంచండి, పిట్టగోడ చాటుకి జరపండి, నడుముకి బరువైన సంచి కట్టండి.

ట్రాకింగ్ లోపమని తేలితే ఇంకో చిన్న పరీక్ష ఉంది. మోటారు ఆపేసి 30 సెకన్ల ఫొటో ఒకటి తీయండి. అందులో పడిన గీత తూర్పు-పడమర దిక్కు. మీ చెడ్డ ఫొటోలో గీత కూడా అదే వాలులో ఉంటే ట్రాకర్ వేగం తప్పు. దానికి అడ్డంగా ఉంటే ట్రాకర్ అక్షం, అంటే బందు ఇరుసు, ఆకాశపు ఉత్తర ధ్రువం వైపు లేదు.

ముందు వేగం సంగతి. చెక్క ట్రాకర్‌లో బందు ఇరుసు నుంచి బోల్టు మధ్యకి దూరం 228.6 మి.మీ. ఉండాలి. నిమిషానికి ఒక చుట్టు తిరిగే మోటారు, 1 మి.మీ. మర ఉన్న ఎం6 బోల్టు వాడినప్పుడు వచ్చే లెక్క ఇది. రెండు మి.మీ. అటూ ఇటూ అయినా 50 మి.మీ. లెన్సుకి పర్వాలేదు, నిమిషంలో చుక్క ఒక పిక్సెల్ కూడా కదలదు. అసలు కొంప ముంచేది బోల్టే. హార్డ్‌వేర్ షాపులో ఎం6 అడిగితే పావు అంగుళం బోల్టు చేతిలో పెట్టడం మామూలే, చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. స్కేలు పెట్టి మరలు లెక్కపెట్టండి. పది మరలకి 10 మి.మీ. వస్తే ఎం6, 12.7 వస్తే అంగుళాల బోల్టు. అదే వాడాలంటే దూరం 290 మి.మీ.కి మార్చండి. మోటారు లేకుండా 15 సెకన్లకోసారి చేత్తో పావు చుట్టు తిప్పే పద్ధతి మాత్రం వద్దు, ఆ కాస్త సేపట్లోనే చుక్క పన్నెండు పిక్సెళ్లు జరిగిపోతుంది. ఇంకో మాట, ఉప్పుగాలికి ఇనుప బందు తుప్పుపట్టి లూజవుతుంది. ఇత్తడిదో స్టెయిన్‌లెస్‌దో వేయండి.

ఇక అక్షం. వైజాగ్ అక్షాంశం 17.7 డిగ్రీలు కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతం మీద దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పెడితే రెండు పిడికిళ్లు కూడా ఉండదు. సింహాచలం కొండల వరసో, పక్కింటి అపార్ట్‌మెంటో, నగరపు మసకో అడ్డొస్తుంది. చల్లటి దేశాలవాళ్లు రాసిన గైడ్లలో 'ధ్రువ నక్షత్రం చూసి సరిచేసుకోండి' అనే ఒక్క వాక్యం ఇక్కడ చాలామంది రాత్రులు తినేస్తోంది.

అది కనిపిస్తే బందు పక్కనే అతికించిన స్ట్రా గొట్టంలోంచి గురిపెట్టండి, సరిపోతుంది. కనపడకపోతే ఫోన్‌లో వాలు చూపే యాప్‌తో 17.7 డిగ్రీలు పెట్టి, దిక్సూచితో ఉత్తరానికి తిప్పండి. ఇక్కడ అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీ లోపే. కాకపోతే శ్లాబులో ఊచలు, ఇనుప నీళ్ల ట్యాంకు స్టాండు ముల్లుని లాగేస్తాయి. నాలుగైదు చోట్ల నిలబడి చూసి నమ్మండి. 50 మి.మీ. లెన్సుతో అక్షం ఒక డిగ్రీ తప్పినా చుక్క నిమిషానికి ఒక్క పిక్సెల్ దగ్గరే జరుగుతుంది, కాబట్టి ఈ సర్దుబాటు చాలు.

135, 200 మి.మీ. లెన్సులకి చాలదు. అప్పుడు ఓరియన్ నడుంపట్టీ ఆదుకుంటుంది. అందులోని మూడు చుక్కల్లో ముందుగా ఉదయించే మింటాకా దాదాపు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి సూటిగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీదే ఉంది. డిసెంబరు రెండో సగంలో చీకటిపడ్డాక అది తూర్పున సముద్రం మీద పైకొస్తుంది, మనకి అడ్డేమీ ఉండదు. ట్రాకర్ నడుపుతూ కొన్ని నిమిషాల తేడాతో రెండు ఫొటోలు తీసి పోల్చండి. చుక్క దక్షిణానికి జరిగితే అక్షం మరీ కిందికి ఉంది, ఉత్తరానికి జరిగితే మరీ పైకి. అర్ధరాత్రి ప్రాంతంలో అది నడినెత్తికి కాస్త దక్షిణంగా వచ్చాక మళ్లీ చూడండి. ఈసారి దక్షిణానికి జరిగితే అక్షం తూర్పుకి తిరిగి ఉంది, ఉత్తరానికైతే పడమరకి.

గంటసేపు బాగా వచ్చి, తర్వాత చుక్కలు దూదిపింజల్లా ఉబ్బితే

మంచు పట్టింది. టార్చి పక్కనుంచి వేసి లెన్సు చూడండి, పొగమంచులా పొర మెరుస్తుంది. ఏసీ గదిలోంచి నేరుగా డాబా మీదికి తెచ్చినా ఇదే గతి. సంచిలోనే అరగంట ఉంచి తర్వాత తీయండి. గుడ్డతో తుడవకండి, అద్దం మీది ఉప్పురేణువులు గీతలు పెడతాయి.

నల్ల చార్టు పేపరు గొట్టంలా చుట్టి లెన్సు ముందు తొడగడం మొదటి మందు. తేమ ఎక్కువున్న రాత్రి అదొక్కటే చాలదు, వేడి కావాలి. 47 ఓమ్‌ల రెసిస్టర్లు పది పక్కపక్కనే సమాంతరంగా సోల్డర్ చేసి, గుడ్డ పట్టీలో కుట్టి లెన్సు చుట్టూ కట్టి, 5 వోల్టుల పవర్ బ్యాంకుకి కలపండి. మొత్తం ఐదు వాట్ల పైచిలుకు వేడి వస్తుంది. ఒక్కోదాని మీద అర వాటు దాటుతుంది కాబట్టి ఒక వాటు రెసిస్టర్లే కొనండి. 10,000 ఎంఏహెచ్ బ్యాంకు ఐదు గంటలు లాగుతుంది. మంచు పట్టకముందే ఆన్ చేయాలి. రాత్రి ముగిశాక లెన్సుని సిలికాజెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో పెట్టండి, లేకపోతే మన ఊరి తేమకి ఫంగస్ పడుతుంది.

మొదటి ఫొటో నుంచే చుక్కలు లావుగా ఉంటే ఫోకస్ తప్పింది. లెన్సు మీది అనంతం గుర్తుని నమ్మొద్దు. లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి, మృగవ్యాధుడి లాంటి పెద్ద చుక్క సూదిమొనంత అయ్యేదాకా తిప్పి, రింగుకి టేపు వేయండి.

మూలల్లోనే తోకలొస్తే లెన్సు స్వభావం. ఎఫ్/1.8 వదిలి ఎఫ్/4కి దించండి.

నిమిషం ఫొటో తర్వాత కెమెరా ఇంకో నిమిషం పలక్కపోతే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. నాయిస్ తీసేయడానికి వాడే నల్ల ఫొటోలు, అంటే డార్క్ ఫ్రేములు, చివర్లో మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే ఎక్స్‌పోజర్‌తో తీసుకోవచ్చు.

ఆకాశం తెల్లబారి, ఒక పక్క ఎక్కువ మెరిస్తే

ఇది నగరపు వెలుగు. కెమెరా చేయగలిగింది తక్కువ, మీరు చేయగలిగింది చాలా ఉంది. క్యాలెండరులో తిథి చూడండి. బహుళ అష్టమి దాటాక చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే లేస్తాడు. అమావాస్య తర్వాత చవితి దాకా ఇంచుమించు తొమ్మిదింటికల్లా దిగిపోతాడు. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు ఉన్నవాళ్లకి సముద్రం మీది ఆగ్నేయ ఆకాశమే నల్లగా ఉంటుంది. మే నెల రాత్రుల్లో దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకొచ్చే ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మనకున్న వరం, ఢిల్లీవాళ్లకి అది 14 డిగ్రీల ఎత్తు దాటదు.

హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు పంపకం చూపే కెమెరా గ్రాఫు) గుట్ట ఎడమ అంచు వదిలి మూడో వంతు దగ్గరుంటే చాలు, ఇంకా పొడిగించకండి. వెలుగున్న ఊళ్లో పొట్టి ఎక్స్‌పోజర్లు ఎక్కువగా తీసి కంప్యూటర్‌లో ఒకే ఫొటోగా కలపడమే దారి. ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది కాబట్టి లైట్ పొల్యూషన్ ఫిల్టర్ గెలాక్సీలకి పెద్దగా ఉపయోగపడదు, డబ్బు దాచుకోండి. మిగిలిన వెలుగు వాలుని సిరిల్, గ్రాక్స్‌పర్ట్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే తీసేస్తాయి. దానికి ముందు ఫ్లాట్లు, అంటే లెన్సు మూలల చీకటి, దుమ్ము మచ్చలు సరిచేసే ఒకే తీరు తెల్ల వెలుగు ఫొటోలు, కావాలి. తెల్లవారుజామున లెన్సు మీద పాత తెల్ల పంచె బిగించి, ఫోకస్ కదపకుండా పాతిక ఫొటోలు తీయండి.

కలిపాక నాయిస్ ఏటవాలు చారల్లా కనిపిస్తే ఫ్రేము మెల్లగా ఒకే దిక్కుకి జరుగుతోందన్నమాట. పది ఫొటోలకోసారి కెమెరాని కాస్త అటోసారి, ఇటోసారి కదిలించండి. చెక్క ట్రాకర్‌ని ఎలాగూ పది నిమిషాలకోసారి వెనక్కి తిప్పాలి, ఆ పని కూడా అప్పుడే కానిచ్చేయొచ్చు.