ఆగిన మెయిన్ లైనులో మళ్లీ రైలు వదిలే ముందు జాగ్రత్తలు

2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు–రాజంపేట మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. కడప మీదుగా రేణిగుంటకు పోయే మెయిన్ లైను అది. అలా ఆగిపోయిన లైనును తెరిచే ముందు చూడాల్సినవి:

• మొదట నీళ్ల దారి. కల్వర్టుల్లో పూడిక తీశారా, వంతెన స్తంభాల మొదట్లో కోత పడిందా? పట్టాల కింద కొత్తగా పోసిన మట్టికట్ట కుదురుకునేదాకా ప్రయాణికుల బండి వద్దు, గూడ్సుతోనే మొదలుపెట్టాలి.

• తుప్పు. దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ అసలు టెన్షన్ ఇక్కడే. ట్రాక్ సర్క్యూట్ (పట్టాల్లో పారే కరెంటుతో బండి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు) ఉన్నచోట పట్టా మీద తుప్పు పేరుకుంటే చక్రాల గుండా కరెంటు సరిగా పారదు. బండి నిలబడి ఉన్నా లైను ఖాళీ అని చూపే ప్రమాదం ఉంది. ఇంజన్ను పదేపదే తిప్పి పట్టా మెరిశాకే సిగ్నల్‌ను నమ్మాలి.

• అతుకుల్లేని పొడవాటి పట్టాలను సరైన ఉష్ణోగ్రతలో ఒత్తిడి తీసి బిగించాలి. లేకపోతే మన సీమ ఎండకు మే నెలలో పక్కకు వంగుతాయి. లోపలి పగుళ్లకు అల్ట్రాసోనిక్ పరీక్ష సరేసరి.

• పైతీగలో 25,000 వోల్టులు. కరెంటు ఇచ్చే ముందే చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయించాలి, ముఖ్యంగా దోటితో మండలు కోసే గొర్రెల కాపర్లకు తెలియాలి.

• గేట్ల దగ్గర మనిషిని పెట్టాలి. బండ్లు రావని జనం అలవాటు పడి ఉంటారు.

• తొలి బండ్లకు వేగపరిమితి ఉత్తర్వు. ట్రాక్ ఇంజనీర్లు చూసి సరేనన్నాకే దశలవారీగా వేగం పెంచాలి.