ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాదే పోనక్కర్లేదు

ఎండాకాలం ఇంటర్న్‌షిప్ కావాలంటే సంక్రాంతి నుంచే వెతకండి. కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం, ముందు అది కానివ్వండి. ఫీజు కడితే సర్టిఫికెట్ ఇస్తామనే వాళ్లకు రూపాయి కూడా పంపొద్దు.

మా జూనియర్లంతా హైదరాబాద్ వైపే చూస్తారు గానీ, మన వరంగల్‌లోనే కాజీపేట దాటితే మడికొండ ఐటీ పార్కు ఉంది. గేటు దగ్గర నిలబడితే లాభం లేదు. అక్కడ పనిచేసే మన కాలేజీ సీనియర్లను లింక్డ్‌ఇన్‌లో పట్టుకోండి. "అన్నా, ఏదైనా ఉంటే చెప్పు" అని రాస్తే జవాబు రాదు. నేను మా కిరాణా కొట్టు ఉద్దెర లెక్కల కోసం పైథాన్‌లో చేసిన ప్రోగ్రాం గురించి నాలుగు లైన్లు రాసి, దాని కోడ్ ఉన్న గిట్‌హబ్ లింకు పెట్టాను. ఇంటర్వ్యూలో అడిగిందంతా దాని గురించే.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. కాలేజీ ఇచ్చే అనుమతి పత్రం ఎన్‌ఓసీ మాత్రం ముందే తీసుకోండి, సంతకానికి హెచ్‌ఓడీ సార్ దొరకడమే పెద్ద పని.