లండన్ సిటీలో కనబడకుండా పోయిన చర్చి జాడ పట్టడం ఎలా

ముందు పేరు పూర్తిగా సంపాదించండి. ‘సెయింట్ బెనెట్’ అంటే చాలదు. లండన్ నడిబొడ్డున పాత కోటగోడల లోపలి భాగమైన ‘సిటీ’లో ఆ పేరుతో నాలుగు చర్చిలుండేవి: ఫింక్, గ్రేస్‌చర్చ్, షెర్‌హాగ్, పాల్స్ వార్ఫ్. ఆ తోక మాటే అసలు ఆనవాలు.

తర్వాత తేల్చాల్సింది అది ఏ దెబ్బకు పోయిందన్నది. ఆ నాలుగింటినే చూడండి. షెర్‌హాగ్ 1666 నాటి లండన్ మహా అగ్నిప్రమాదంలో కాలింది, మళ్లీ కట్టలేదు. ఆ మంటల్లో 87 పారిష్ (ఒక్కో చర్చి కిందికి వచ్చే పేట) చర్చిలు పోతే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ చేతి మీదుగా 51 మాత్రమే లేచాయి. ఫింక్‌ను 1840లలో రాయల్ ఎక్స్ఛేంజ్ కోసం తీసేశారు. గ్రేస్‌చర్చ్‌ను 1860 నాటి ‘యూనియన్ ఆఫ్ బెనిఫిసెస్’ (పాదరీ పదవులను కలిపే) చట్టం మింగింది. ఆ చట్టం వచ్చాక జనం తగ్గిన సిటీ చర్చిలను కూల్చి, స్థలం అమ్మి, ఆ డబ్బుతో శివార్లలో కొత్తవి కట్టారు. పాల్స్ వార్ఫ్ ఒక్కటే ఇప్పటికీ నిలబడి ఉంది. వీటికి తోడు 1940 డిసెంబర్ 29 రాత్రి జర్మన్ బాంబులకు పోయినవి వేరే.

ఇక మ్యాపు. కొలతకు పనికొచ్చేది 1676 నాటి ఓగిల్బీ, మోర్గాన్‌ల మ్యాపు: అంగుళానికి 100 అడుగులు, 20 షీట్లు. 16వ శతాబ్దపు ‘ఆగస్’ మ్యాపు కళ్లకు పండగే గానీ, అది పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మ. దాని మీద స్కేలు పెట్టకండి.

క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో పాత షీటును నేటి మ్యాపు మీద కూర్చోబెట్టడానికి, రెండింటిలోనూ కనిపించే బిందువులు మామూలుగా కనీసం 3 కావాలి. 8 నుంచి 10 పెడితే ఎక్కడ తేడా వస్తుందో బయటపడుతుంది. పాత కాగితం షీటుకో తీరుగా కుదించుకుపోతుంది కాబట్టి ఏ షీటుకు ఆ షీటే విడిగా కూర్చోబెట్టడం మేలు. అందరూ తప్పు చేసేది వీధి మూలలను బిందువులుగా తీసుకోవడంలో. కానన్ స్ట్రీట్ లాంటివి వెడల్పయ్యాయి, క్వీన్ విక్టోరియా స్ట్రీట్ 19వ శతాబ్దంలో కొత్తగా చీల్చిన దారి. కదలని చర్చిలనూ ఒంటరిగా మిగిలిన గంటగోపురాలనూ పట్టుకోండి: సెయింట్ మేరీ సోమర్‌సెట్, వుడ్ స్ట్రీట్ నడిమధ్యన ఉన్న సెయింట్ ఆల్బన్. అయితే ఈ గోపురాలు మ్యాపు తర్వాత కట్టినవైతే పాత చర్చి గీత మీద సరిగ్గా కూర్చోవు. కట్టిన ఏడాది చూసుకోండి. గోపురాన్ని మొత్తంగా ఊడదీసి తరలించిన సందర్భాలూ ఉన్నాయి. ఆల్ హ్యాలోస్ లొంబార్డ్ స్ట్రీట్ గోపురం ఇప్పుడు ట్వికెన్‌హామ్‌లో ఉంది. సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ గోడలైతే సముద్రం దాటి అమెరికాలోని మిస్సోరీలో, ఫుల్టన్‌లో తేలాయి. లండన్‌లో మిగిలింది పునాది రాళ్లున్న చిన్న తోట.

నేల మీద వెతకాల్సింది అలాంటి తోటలనే. వాడకం ఆగిన శ్మశానాల మీద కట్టడాలు వద్దని 1884 చట్టం చెప్పింది. అందుకే చర్చి పోయినా సమాధుల స్థలం పచ్చిక ముక్కగా మిగిలింది. ఆఫీసు భవనాల నడుమ వీధి కన్నా ఎత్తుగా బెంచీలున్న చిన్న తోట కనిపిస్తే ఆగి చూడండి. శతాబ్దాల సమాధుల మట్టితో నేల పెరిగి ఉండొచ్చు. సిటీ వాళ్ల నీలం ఫలకం చర్చి ఆ దగ్గర్లో ఉండేదనే చెబుతుంది, అదే గోడ చర్చి గోడ అని కాదు. పొడి అక్షరాలూ ఏడాదీ ఉన్న లోహపు పలకలు మరింత మోసం చేస్తాయి. అవి పారిష్ సరిహద్దు గుర్తులు. చర్చి ఆ హద్దు లోపల ఎక్కడైనా ఉండొచ్చు.

బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు లండన్ ఆర్కైవ్స్‌లో చూడాలి. చర్చి కాలిపోయినంత మాత్రాన పారిష్ రద్దు కాలేదు. పక్క చర్చితో ఆరాధన కలిసినా, సిటీ పారిష్‌లన్నిటినీ ఒకటి చేసిన 1907 వరకూ లెక్కలూ పన్నులూ వేరుగానే నడిచాయి. కాబట్టి పాత పేరుతోనూ, జత కలిపిన చర్చి పేరుతోనూ వెతకండి. 1752కు ముందు ఇంగ్లండ్‌లో ఏడాది మార్చి 25న మారేది. 1665 ఫిబ్రవరి అని రాసి ఉంటే అది మన లెక్కలో 1666.