యూడీఐడీ కార్డు: తిప్పలు ఫారంలో కాదు, డాక్టరు పరీక్ష రోజున

యూడీఐడీ అంటే వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. వైకల్యం ఎంత శాతమో అందులో ఉంటుంది. ముందుగా ఒక మాట. “శాతం ఎక్కువ వేయిస్తాం” అంటూ డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. శాతం రాసేది పరీక్ష చేసిన డాక్టర్లే. మధ్యవర్తికి ఇచ్చిన డబ్బు తిరిగి రాదు.

ఈ కార్డుకు ప్రభుత్వ వెబ్‌సైటు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు ఉచితం. ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. పాత సదరం సర్టిఫికెట్ (రాష్ట్రంలో ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉంటే అదీ అప్‌లోడ్ చేయండి. చివర్లో వచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాసిపెట్టుకోండి.

అసలు చిక్కు ఆ తర్వాత ఆసుపత్రిలో జరిగే డాక్టరు పరీక్షలో. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో కొన్ని బయటికి కనిపించవు. పోలియో వచ్చిన కాలు చూడగానే తెలుస్తుంది. మానసిక జబ్బు, ఆటిజం, వినికిడి లోపం అలా కాదు. డాక్టరు చూసేది కాసేపే, మందులు వాడుతున్న మనిషి ఆ కాసేపూ కుదురుగానే ఉండొచ్చు. అందుకే పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు), ఐక్యూ రిపోర్టు, ఏవి ఉంటే అవి తేదీల వరసలో తీసుకెళ్లండి. మొదటి చీటీ పాతదైపోయిందని పారేయకండి.

ఇంట్లో రోజూ చూసుకునే మనిషి తోడు వెళ్లడం మంచిది. పిల్లాణ్ణి తక్కువ చేసి చెప్పడానికి ఏ తల్లికీ నోరు రాదు. కానీ అక్కడ మొహమాటపడి “పర్లేదండీ, అన్నీ చేసుకుంటాడు” అంటే వాడికే నష్టం. స్నానం, బట్టలు, బయటికి వెళ్లిరావడం, వేటికి సాయం కావాలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పెంచి చెప్పక్కర్లేదు.

ఉద్యోగ రిజర్వేషన్‌లాంటి ముఖ్యమైన వాటికి 40 శాతం, ఆపైన ఉండాలి. అంతకన్నా తక్కువ వచ్చినా కార్డు ఇస్తారు, అది తెల్ల రంగులో ఉంటుంది. 40 నుంచి పసుపు, 80 నుంచి నీలం.

సర్టిఫికెట్ మీద ‘తాత్కాలికం’ అని ఉంటే టెన్షన్ పడకండి. వైకల్యం ముందుముందు మారే అవకాశం ఉందనుకుంటే అలా ఇస్తారు. గడువు తేదీ చూసుకుని, అది దాటకముందే మళ్లీ దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటతో పంపేస్తే వచ్చేయకండి, కాగితం అడగండి. అదే 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఎవరికి పెట్టుకోవాలో జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి.