గిరాకీ పడిపోయిన ఏడు టిఫిన్ సెంటర్ నెట్టుకురావడం ఎలా?

సాగర్ ఎడమ కాల్వకు నీళ్ళు సరిగా రాని ఏడు మిర్యాలగూడలో ఏ టిఫిన్ సెంటర్‌కైనా టెన్షనే. ఊళ్ళ నుంచి వచ్చే రైతు మార్కెట్ పని చూసుకుని, టీ తాగి బస్సెక్కేస్తాడు. అలాంటప్పుడు మెక్‌డొనాల్డ్స్ ఏం చేసిందో చూడటం మంచిది. 2008 మాంద్యంలో అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్‌లోని 30 కంపెనీల్లో ఏడాది చివరికి షేరు ధర పెరిగినవి రెండే: ఒకటి వాల్‌మార్ట్, రెండోది ఇది.

మొదట వారం రోజులు లెక్క రాయండి. ఏది ఎన్ని ప్లేట్లు పోయింది, రాత్రికి ఏ పిండి మిగిలింది అన్నది చాలు. మిగిలేవాటిని ఆపేయండి. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు 1948లో బాగా నడుస్తున్న హోటల్‌నే కొన్నాళ్ళు మూసి, మెనూను తొమ్మిది రకాలకు కుదించి, 15 సెంట్లకే హాంబర్గర్ అమ్మారు. మొదట్లో జనం తగ్గారు కూడా. కాబట్టి పెసరట్టు ఏదని ఒకరిద్దరు అలిగితే కంగారు పడకండి.

తర్వాతది అసలు పని: కనీసం ఒక్క ప్లేటు ధరైనా పెంచకుండా ఉంచండి. 2008 చివర్లో జున్ను ధర ఎక్కువై, రెండు జున్ను ముక్కల బర్గర్‌ను డాలర్‌కు ఇవ్వడం మెక్‌డొనాల్డ్స్‌కు గిట్టుబాటు కాలేదు. దాని రేటు పెంచి, ఒకే ముక్కతో ఇంకో బర్గర్‌ను డాలర్‌కే పెట్టింది. మనమూ అదే చేయొచ్చు. 40 రూపాయల ఇడ్లీ ప్లేటులో పల్లి చట్నీ, కారప్పొడి ఇచ్చి, సాంబారు, నెయ్యి కావాలంటే 50 అని బోర్డు మీదే రాయండి. ఇడ్లీ సైజు తగ్గించారో, రోజూ వచ్చే హమాలీ మొదటి ముక్కకే పట్టేస్తాడు.

ఇక అద్దె. మెక్‌డొనాల్డ్స్ స్థలాలను తన చేతిలో పెట్టుకుని, ఫ్రాంచైజీలు తీసుకున్నవాళ్ళ నుంచి అద్దె వసూలు చేస్తుంది. మనం అద్దె కట్టే వైపు ఉన్నాం, అదే చిక్కు. రెండు నెలలు బాకీ పడకముందే మడిగె ఓనర్‌ దగ్గరికి వెళ్ళి, కోతలయ్యేదాకా కొంత తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే, సాయంత్రం ఖాళీగా ఉండే ముందు భాగాన్ని మిర్చి బజ్జీల బండికి ఇచ్చుకోవచ్చా అని అడగండి.